ధమ్మం మూలాన్ని వెదుక్కుంటూ వచ్చిన విద్యార్థి – హుయాన్‌త్సాంగ్



హుయాన్‌త్సాంగ్ పేరు మనమంతా బడిలో విన్నదే. హర్షుడి కాలంలో వచ్చిన చైనా యాత్రికుడు అని ఒక వాక్యం, పక్కన వీపు మీద పుస్తకాల బుట్ట మోసుకుపోతున్న భిక్షువు బొమ్మ, పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. అంతటితో సరి. ఆయన ఎవరు, ఎందుకొచ్చాడు, ఆయన రాకపోకలతో మనకేం సంబంధం అన్నది ఎవరూ చెప్పలేదు. ఆయన పేరును జువాన్‌జాంగ్ అనీ, యువాన్‌చాంగ్ అనీ కూడా రాస్తారు. బాబాసాహెబ్ తన పుస్తకంలో యువాన్‌చాంగ్ అనే రాశారు.

ఆయన చూసిపోవడానికి వచ్చిన యాత్రికుడు మాత్రమే కాదు. చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి. బుద్ధుడు నడిచిన చోటల్లా తానూ నడిచి, ఏ ఊరికి ఏ దిక్కున ఎంత దూరంలో ఏ స్తూపం ఉంది, అది నిలబడి ఉందా కూలిపోయిందా అని రాసిపెట్టుకున్నాడు. పన్నెండు వందల ఏళ్ళ తర్వాత, మట్టి కింద పడిపోయిన మన విహారాలను వెదకడానికి దారి చూపింది ఆ రాతలే. అందుకే ఆయన జీవితం మనం తెలుసుకోవాలి.

సందేహమే దారి చూపింది

హుయాన్‌త్సాంగ్ 602లో చైనాలో, లోయాంగ్ నగరం దగ్గర పుట్టాడు. నలుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. తండ్రి ఉద్యోగం చేసి మానుకున్న పండితుడు. రెండో అన్న అప్పటికే భిక్షువు. తండ్రి పోయాక ఆ అన్నే తమ్ముణ్ణి విహారానికి తీసుకెళ్ళాడు. భిక్షువులుగా చేరేవాళ్ళను ఎంపిక చేయడానికి రాజాధికారి వచ్చినప్పుడు, వయసు చాలని ఈ కుర్రవాడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడట. అధికారి పిలిచి నాలుగు ప్రశ్నలడిగి, జవాబులకు మెచ్చి, పదమూడేళ్ళకే శ్రామణేరుడిగా చేర్చుకున్నాడు.

ఆ తర్వాత రాజ్యం కూలింది. యుద్ధాలు, కరువు. అన్నదమ్ములిద్దరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఊళ్ళు మారారు. అంత గందరగోళంలో కూడా ఆయన చదువు ఆపలేదు. ఇరవయ్యేళ్ళకు ఉపసంపద తీసుకుని పూర్తి భిక్షువయ్యాడు. ఎక్కడ మంచి గురువున్నాడంటే అక్కడికల్లా వెళ్ళాడు.

కానీ చదివేకొద్దీ ఆయనకో చిక్కు వచ్చింది. ఒకే విషయాన్ని ఒక్కో గురువు ఒక్కో తీరుగా చెబుతున్నాడు. ఒకే గ్రంథానికి రెండు అనువాదాలుంటే రెండూ కలవడం లేదు. ఏది బుద్ధుడి మాట? ఏది అనువాదకుడి మాట? పెద్దవాళ్ళు చెప్పారు గదా అని తలూపి ఊరుకోవచ్చు. చాలామంది ఊరుకున్నారు కూడా. ఈయన మాత్రం మూలం చూడాల్సిందే అనుకున్నాడు. మూలం ఉన్నది భారతదేశంలో. అందులోనూ యోగాచార భూమి అనే పెద్ద గ్రంథం పూర్తి పాఠం ఆయనకు కావాలి.

కాలామ సుత్తం మనకు చెప్పేది ఇదే గదా. ఎవరో చెప్పారనీ, తరతరాలుగా వస్తోందనీ నమ్మొద్దు, స్వయంగా పరిశీలించు అని. హుయాన్‌త్సాంగ్ ఆ పరిశీలన కోసం వేల మైళ్ళు నడిచాడు.

దొంగచాటుగా దాటిన సరిహద్దు

అప్పుడే కొత్తగా తాంగ్ వంశం అధికారంలోకి వచ్చింది. దేశం విడిచి పోవడం నిషేధం. అనుమతి కోసం అర్జీ పెట్టుకుంటే తిరస్కరించారు. తోడు వస్తామన్నవాళ్ళు వెనక్కి తగ్గారు. ఆయన తగ్గలేదు. 629లో (627 అని కొందరు పండితులంటారు) ఒంటరిగా బయల్దేరాడు. పగలు దాక్కోవడం, రాత్రి నడవడం.

సరిహద్దు దగ్గర ఆయన్ను పట్టుకోమని ఉత్తర్వు వచ్చింది. అది అందుకున్న అధికారి బౌద్ధ ఉపాసకుడు. నిజం చెప్పమని అడిగి, నిజం విని, ఆ కాగితాన్ని ఆయన ముందే చింపేసి, తొందరగా వెళ్ళిపొమ్మన్నాడు. దారి చూపిస్తానని వచ్చిన మనిషి ఒక రాత్రి కత్తి దూసి దగ్గరికొచ్చాడు, ఏమనుకున్నాడో మళ్ళీ వెనక్కి పోయాడు. తెల్లారాక ఆయన అతన్ని పంపించేసి, ఒక ముసలి గుర్రంతో ఎడారిలోకి దిగాడు. కావలి బురుజు దగ్గర నీళ్ళు పట్టుకోబోతే బాణం మోకాలి పక్కనుంచి దూసుకుపోయింది.

ఎడారి నడిమధ్యలో నీళ్ళ తిత్తి చేయిజారి ఒలికిపోయింది. వెనక్కి కొంతదూరం వచ్చాడు. అంతలో ఆగి, భారతదేశం చేరకుండా వెనక్కి ఒక్కడుగు కూడా వేయనని తాను పెట్టుకున్న ఒట్టు గుర్తు చేసుకున్నాడు. తూర్పుకు తిరిగి బతకడం కంటే పడమటికి నడుస్తూ చావడం మేలనుకుని గుర్రాన్ని మళ్ళించాడు. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు చుక్క నీళ్ళు లేవు. ఇసుకలో పడిపోయాడు. ఆఖరికి ఆ ముసలి గుర్రమే, ఎన్నోసార్లు ఆ దారిన తిరిగినది కాబట్టి, గడ్డీ నీళ్ళూ ఉన్న చోటికి ఆయన్ను లాక్కుపోయింది.

తుర్ఫాన్ ప్రాంతపు రాజు ఆయన్ను గురువుగా తన దగ్గరే ఉంచుకోవాలనుకుని బలవంతం చేశాడు. ఆయన అన్నం నీళ్ళు మానేసి కూర్చున్నాడు. మూడు రోజులు గడిచాక రాజు దిగొచ్చి, దారిలో ఉన్న రాజులకు 24 ఉత్తరాలు రాసిచ్చి, గుర్రాలూ మనుషులూ ఇచ్చి సాగనంపాడు. ఆ పై మంచు కొండలు దాటేటప్పుడు వెంట వచ్చినవాళ్ళలో పదిమందికి ముగ్గురు నలుగురు చొప్పున చలికీ ఆకలికీ చనిపోయారు.

అక్కడినుంచి సమర్కండ్, బాల్ఖ్, బామియాన్. బామియాన్ లోయలో కొండను తొలిచిన నిలువెత్తు బుద్ధ విగ్రహాలు రెంటినీ ఆయన కళ్ళారా చూసి రాశాడు. 2001లో తాలిబన్లు పేల్చేసినవి ఆ విగ్రహాలనే. విగ్రహాలు పోయాయి, ఆయన రాత మిగిలింది.

కళ్ళముందు శిథిలాలు

గాంధారంలోకి అడుగుపెట్టగానే ఆయన గుండె కలుక్కుమంది. వెయ్యి విహారాలుండేవట. పాడుబడి, పిచ్చి మొక్కలు మొలిచి ఉన్నాయి. కాశ్మీరంలో మాత్రం చదువు బతికి ఉంది. అక్కడి రాజు గ్రంథాలకు నకళ్ళు రాసేందుకు 20 మంది లేఖకులనిచ్చాడు. రెండేళ్ళు అక్కడ చదివి కిందికి దిగాడు.

గంగానదిలో పడవ మీద పోతుంటే దొంగలు పట్టుకున్నారు. వాళ్ళు దుర్గకు నరబలి ఇచ్చేవాళ్ళు. చక్కగా ఉన్నాడని ఈయన్నే ఎంచుకుని వేదిక కూడా కట్టారు. ఆయన ధ్యానంలో కూర్చున్నాడు. అంతలో పెద్ద గాలివాన వచ్చి చెట్లు విరిగిపడ్డాయి. దొంగలు జడిసి కాళ్ళ మీద పడ్డారు. ఆయన శిష్యులు దాన్ని మహిమగా రాశారు. మనం గాలివానను గాలివానగానే చూడొచ్చు. చావు ముందు కూడా చెదరకుండా కూర్చున్న ఆయన మనసును చూస్తే చాలు.

శ్రావస్తికి వెళ్ళాడు. అనాథపిండికుడు కొనిచ్చిన జేతవనం పాడుబడి ఉంది. తూర్పు ద్వారం దగ్గర అశోకుడి స్తంభాలు రెండు, ఒక ఇటుక మందిరం, అంతే మిగిలింది. కపిలవస్తు ఖాళీ. లుంబినిలో స్తంభం పిడుగు పడి విరిగి ఉంది. కుశినగరంలో గోడలు కూలి, మనుషులు పలచబడ్డారు. అక్కడ ఒక ఇటుక విహారంలో మహాపరినిర్వాణ బుద్ధుడి విగ్రహం చూశాడు. సారనాథ్‌లో మాత్రం 1500 మంది భిక్షువులున్నారు.

బోధగయలో బోధివృక్షం ముందు సాగిలపడి ఏడ్చాడు. బుద్ధుడు సంబోధి పొందిన కాలంలో తానెక్కడ ఉన్నాడో, ఇంత ఆలస్యంగా ఎందుకు పుట్టాడో అని దుఃఖపడ్డాడు. శశాంకుడనే రాజు ఆ చెట్టును నరికించి, వేళ్ళు కూడా కాల్పించాడనీ, మగధలో అశోకుడి వంశం వాడైన పూర్ణవర్మ దాన్ని తిరిగి బతికించాడనీ ఆయనే రాశాడు. మన ధమ్మం తనంతట తానే ఈ దేశం నుంచి మాయమైపోయిందని చెప్పేవాళ్ళకు ఈ ఒక్క రాత చూపిస్తే చాలు.

నలందా విద్యార్థి

637 ప్రాంతంలో నలందా చేరాడు. వేలమంది విద్యార్థులు. రోజూ వంద చోట్ల పాఠాలు. వాకిట్లోనే ప్రశ్నలడిగేవారు. జవాబు చెప్పలేక పదిమందిలో ఏడెనిమిది మంది వెనక్కి పోయేవారట. వంద ఊళ్ళ ఆదాయం ఆ విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు కాబట్టి విద్యార్థులు తిండికీ బట్టకూ ఎవరినీ అడుక్కునే పని లేదు. చదువు మీదే ధ్యాస.

అక్కడి పెద్ద గురువు శీలభద్రుడు, ముదుసలి. నూరేళ్ళు దాటినవాడని శిష్యులు రాశారు. ఆయన ఈ విదేశీ విద్యార్థి కోసం తిరిగి పాఠం మొదలుపెట్టి, యోగాచార భూమిని 15 నెలలపాటు చెప్పాడు. హేతువిద్య, వ్యాకరణం, ఇతర దర్శనాల గ్రంథాలు కూడా చదివించారు. బౌద్ధం కానివి కూడా నలందాలో చదివేవారు. ఎదుటివాడి వాదం తెలియకుండా మన వాదం నిలబడదు గదా. నలందాలో ఆయన మొత్తం అయిదేళ్ళ దాకా గడిపాడు.

మన నేల మీద హుయాన్‌త్సాంగ్

చదువు మధ్యలో దక్షిణానికి వచ్చాడు. కళింగం, కోసలం దాటి ఆంధ్రదేశంలో అడుగుపెట్టాడు. అక్కడి రాజధాని వేంగి అని పండితుల గుర్తింపు. ఇక్కడి భాష మధ్యదేశం భాషకు వేరుగా ఉందనీ, అక్షరాల తీరు మాత్రం దాదాపు ఒకటేననీ రాసుకున్నాడు. మన తెలుగు మాట చెవిన పడ్డ చైనా విద్యార్థి ఆయన. ఆంధ్రలో ఇరవై పైగా విహారాలు, మూడు వేల మంది భిక్షువులు ఉన్నారని లెక్క రాశాడు. తర్కశాస్త్రం రాసిన దిఙ్నాగుడు ఉన్న కొండ చూశాడు.

అక్కడినుంచి ధాన్యకటకం. అంటే మన అమరావతి, ధరణికోట సీమ. ఆయన చెప్పిన రాజధాని ధరణికోటా, విజయవాడా అని పండితుల్లో వాదన ఉంది. ఊరికి తూర్పున పూర్వశైల విహారం, పడమట అపరశైల విహారం. విహారాలు చాలా ఉన్నాయి గానీ ఎక్కువ భాగం పాడుబడ్డాయనీ, ఓ ఇరవై మాత్రం నడుస్తున్నాయనీ, వాటిలో మహాసాంఘిక శాఖ భిక్షువులు వెయ్యిమంది దాకా ఉన్నారనీ రాశాడు. అక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు ఉండి మహాసాంఘికుల అభిధర్మం నేర్చుకున్నాడు. వాళ్ళకు తాను మహాయాన గ్రంథాలు చెప్పాడు. నలందాలో చదివినవాడు మన కృష్ణ ఒడ్డున కూచుని మళ్ళీ విద్యార్థి అయ్యాడు.

తర్వాత కంచి చేరాడు. సింహళంలో కరువు, రాజు మరణం అని అక్కడినుంచి వచ్చిన భిక్షువులు చెప్పడంతో సముద్రం దాటలేదు. మహారాష్ట్ర, మాళవం, వలభి, సింధు మీదుగా నలందాకు తిరిగొచ్చాడు.

ఊరి బయట ఎవరున్నారు?

ఆయన ఇంకొకటి కూడా చూశాడు. అది మనకు ముఖ్యం. కసాయివాళ్ళు, జాలరులు, తలారులు, పాకీపనివాళ్ళు ఊరి బయట ఉంటారనీ, వాళ్ళ ఇళ్ళకు గుర్తులుంటాయనీ, ఊళ్ళోకి వచ్చిపోయేటప్పుడు దారికి ఎడమ పక్కన ఒదిగి నడుస్తారనీ రాశాడు. పరదేశి కాబట్టి చూసింది చూసినట్టు రాసిపెట్టాడు.

1948లో అచ్చయిన అస్పృశ్యుల మూలాల పుస్తకంలో బాబాసాహెబ్ ఈ రాతను సాక్ష్యంగా తీసుకున్నారు. ఫాహియాన్ చండాలుల గురించి రాసిందాన్నీ, దీన్నీ పక్కపక్కన పెట్టి పరిశీలించారు. హుయాన్‌త్సాంగ్ నాటికి అంటరానితనం వచ్చేసిందనీ, అది సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టి ఉంటుందనీ తేల్చారు. అంటే అది అనాదిగా ఉన్నదీ కాదు, దేవుడు రాసిందీ కాదు. ఒక కాలంలో మనుషులు పెట్టింది. మనుషులు పెట్టిన దాన్ని మనుషులు తీసెయ్యగలరు.

సింధు దేశపు రాజు శూద్రుడనీ, బుద్ధ ధమ్మాన్ని గౌరవించేవాడనీ కూడా ఆయనే రాశాడు. మతిపుర రాజు కూడా శూద్రుడే. బడి పుస్తకాల్లో ఈ వాక్యాలు కనపడవు.

పుస్తకాల బరువు

హర్షుడు కనౌజ్‌లో పెద్ద సభ పెట్టి ఆయన వాదాన్ని అందరి ముందు ఉంచాడు. 18 రోజులు ఎవరూ దాన్ని ఖండించలేకపోయారు. ఉండిపొమ్మని ఎందరో బతిమాలారు. ఇక్కడే ఉంటే గౌరవం, సుఖం. కానీ తాను నేర్చుకున్నది తనవాళ్ళకు చేర్చకపోతే ఈ ప్రయాణానికి అర్థం లేదనుకున్నాడు.

తిరుగు దారిలో సింధు నది దాటుతుంటే పడవ ఊగి 50 గ్రంథాల కట్టలు నీళ్ళపాలయ్యాయి. ఆగి, మనుషుల్ని పంపి, దొరికినన్నింటికి మళ్ళీ నకళ్ళు రాయించుకున్నాడు. 645లో రాజధాని చాంగాన్ చేరాడు. తెచ్చింది 657 గ్రంథాలు, 520 కట్టలు. మోయడానికి 20 గుర్రాలు పట్టాయి. దొంగచాటుగా పోయినవాడికి ఊరంతా ఎదురొచ్చింది. చక్రవర్తి మంత్రి పదవి ఇస్తానంటే వద్దని, అనువాదాలకు చోటూ మనుషులూ అడిగాడు.

మరుసటి ఏడాది, 646లో, తాను చూసిన దేశాల వివరం రాయించి ఇచ్చాడు. ఆ తర్వాత చనిపోయేదాకా 19 ఏళ్ళు అనువాదాలే పని. మొత్తం 75 గ్రంథాలు, 1335 భాగాలు. ఒక్క మహాప్రజ్ఞాపారమితా గ్రంథమే 600 భాగాలు. క్లుప్తం చేద్దామని శిష్యులంటే ఒప్పుకోలేదు, ఉన్నదున్నట్టే చేశాడు. భారతదేశం నుంచి ఉత్తరం వచ్చి శీలభద్రుడు పోయాడని తెలిసినప్పుడు దుఃఖపడ్డాడు. 654లో రాసిన జవాబులో సింధు నదిలో పోయిన గ్రంథాల జాబితా పెట్టి, వీలైతే పంపమని కోరాడు. 664లో కన్నుమూశాడు.

ఆయన రాత, మన దిబ్బలు

ఆ తర్వాత వందల ఏళ్ళకు ఈ దేశంలో నలందా ఎక్కడుందో తెలిసినవాడు లేకుండా పోయాడు. జేతవనం అడవైంది. కుశినగరం దిబ్బయింది. చదివేవాడు లేక, కాపాడేవాడు లేక, మట్టి కప్పేసింది.

హుయాన్‌త్సాంగ్ రాసిన వివరం 1857-58లో ఫ్రెంచి భాషలోకి వచ్చింది. 1861లో పురావస్తు సర్వేకు నియమితుడైన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ ఆ వివరాన్ని పట్టుకుని ఊరూరా తిరిగాడు. ఫలానా నగరం నుంచి తూర్పుగా ఇన్ని లీల దూరం అని హుయాన్‌త్సాంగ్ రాస్తే, లీ అంటే సుమారు అర కిలోమీటరు, ఆ లెక్కన నడిచి దిబ్బలు చూశాడు. బడగావ్ పక్కనున్న దిబ్బలే నలందా అన్నాడు. సహేత్-మహేత్ శ్రావస్తి అయ్యింది. కసియా కుశినగరం అయ్యింది. 1876లో కుశినగరంలో తవ్వితే పడుకుని ఉన్న మహాపరినిర్వాణ బుద్ధుడు ముక్కలై బయటపడ్డాడు. 1896లో లుంబిని స్తంభం మీద అశోకుడి శాసనం దొరికింది. నలందాలో 1915 నుంచి తవ్వకాలు జరిగాయి. ఆ సంఘం పేరున్న మట్టి ముద్రలు దొరికి అది నలందాయేనని రూఢి అయింది. 2016లో ప్రపంచ వారసత్వ ప్రదేశమైంది.

ఆయన రాసిందంతా అక్షరాలా నమ్మాలని కాదు. విన్న మహిమల కథలు కూడా రాశాడు. వాటిని బుద్ధితో వడగట్టుకోవాలి. కానీ కళ్ళతో చూసి, దిక్కూ దూరమూ కొలిచి రాసినవి మట్టి కింద నిజమై కనపడ్డాయి. పరిశీలించి రాసిన మాటకు ఆ బలం ఉంటుంది.

మన దగ్గర ఏం జరిగింది? అమరావతి మహాస్తూపం రాళ్ళను ఇళ్ళకీ కట్టడాలకీ పీక్కుపోయారు. 1797లో మెకంజీ వచ్చి చూసేసరికి ఆ పని సాగుతోంది. మిగిలిన శిల్పాల్లో ఎక్కువ భాగం ఇప్పుడు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. భట్టిప్రోలు, ఘంటసాల, శాలిహుండం, బావికొండ, తొట్లకొండ, నేలకొండపల్లి, ఫణిగిరి, ధూళికట్ట – ఇవన్నీ మన స్తూపాలూ విహారాలూ. ఇంకా తవ్వని దిబ్బలు ఎన్నో పొలాల మధ్య ఉన్నాయి. మన పెద్దలు ఆ దిబ్బల మీదే పశువులు కాసి ఉంటారు, అవి ఏమిటో ఎవరూ చెప్పక.

అందుకని ధమ్మ బంధువులారా, మూడు పనులు చేద్దాం. పిల్లల్ని ఏడాదికొకసారైనా దగ్గర్లోని బౌద్ధ స్థలానికి తీసుకెళ్దాం. ఏ కాలం నాటిది, ఎవరు కట్టారు అన్నది ముందే చదివి చెబుదాం. ఊళ్ళో పెద్ద సైజు పాత ఇటుకలో, చెక్కిన రాయో బయటపడితే పగలగొట్టనివ్వకుండా, ఇంటికి తెచ్చుకోకుండా, పురావస్తు శాఖకూ తహసీల్దారుకూ రాతపూర్వకంగా తెలియజేద్దాం. ఇక మూడోది, చదువుకునే మన పిల్లల్లో చరిత్రా పురావస్తు శాస్త్రమూ చదువుతానన్నవాణ్ణి, దానివల్ల ఉద్యోగం వస్తుందా అని వెనక్కి లాగకుండా, వెళ్ళి చదువుకొమ్మందాం.

ఎడారిలో నీళ్ళు లేక పడిపోయినా వెనక్కి తిరగని ఆ ఒక్క విద్యార్థి రాసుకున్న పుస్తకం మన బుద్ధుడి ఊళ్ళను మనకు తిరిగిచ్చింది. రేపు మన దిబ్బల కథ రాయాల్సినవాళ్ళు మన ఇళ్ళల్లోంచే రావాలి.

నమో బుద్ధాయ. జైభీమ్.